పెళ్ళిమాటలకొచ్చిన పేరయ్య

ఏలూరు స్టేషన్లో పార్సెల్ గుమాస్తాగా పనిచేసే సూర్యనారాయణకి నవలలు చదివే అలవాటు లేదు. ఆయన భార్య కనకరత్నానికి మాత్రం నవల రాసే అలవాటు ఉందని పవరుపేటలో వాళ్ళ వీధి వీధంతటికీ తెలుసు. రాసే అలవాటంటే, మొదలుపెట్టే అలవాటు. ఒక్కగానొక్క కూతురికి పెళ్ళిచేసి తణుకు పంపాక ఇల్లు బోసిపోయింది. ఆ బోసిలోనే ఆవిడ కలం పట్టింది. ఇవాళ రాసింది రేపు చదువుకునేది. చదివాక మొహం చిట్లించుకుని చింపేసేది. మళ్ళీ మొదటి వాక్యం దగ్గరకు వచ్చేది. చింపిన కాగితాలు నీళ్ళపొయ్యిలోకి పోయేవి. ఆ ఏళ్ళల్లో సూర్యనారాయణ స్నానానికి కాగిన నీళ్ళు చాలామటుకు ఆ నవలతో కాగినవే.

ఒకసారి ఆవిడ చింపకముందే రెండు ప్రకరణాలు ఆయన చేతికి చిక్కాయి. చదవకుండానే పట్టుకెళ్ళి అచ్చాఫీసు వెంకట్రాజుకి చూపించాడు. వెంకట్రాజు నెలకో నవల చొప్పున అచ్చువేసి అమ్ముకునే మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "బాగుందండీ. మిగతాది ఎప్పుడిస్తారు?" అన్నాడు.

"మిగతాది లేదండి."

"అయితే ఇదీ లేనట్టేనండి. మాఘమాసానికి మొత్తం తెచ్చివ్వమనండి. వంకరో టింకరో, చివరిదాకా ఉండాలి. దిద్దుకోవడం తర్వాత సంగతి."

ఈ మాట విని కనకరత్నం సంతోషించింది. ఆ సంతోషంలో ఆ రెండు ప్రకరణాలూ ఇంకా బాగా రాయాలనుకుని చింపేసింది.

కార్తీకమాసం మొదట్లో సలోమి ఏలూరు వచ్చింది. సలోమి, కనకరత్నం ఒకే బళ్ళో చదువుకున్నారు. ఇప్పుడు ఆవిడ కొల్లేటి లంకలో మిషను బడి పంతులమ్మ. బడికి పలకలూ సుద్దముక్కలూ కొనుక్కోవడానికి వచ్చి, స్నేహితురాలి ఇంట్లో కాసేపు కూర్చుంది. సంగతి విని పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"పరీక్షల్లోనూ ఇంతే అన్నయ్యగారూ," అంది సూర్యనారాయణతో. "మొదటి ప్రశ్నకి జవాబు రాస్తుంది, కొట్టేస్తుంది, మళ్ళీ రాస్తుంది. బెల్లు కొట్టి కాగితం లాక్కుంటే తప్ప వదిలేది కాదు. కనకాన్ని నాతో పంపండి. బడి పక్కన ఒక గది ఖాళీగా ఉంది. పొయ్యి ఉంది, తన వంట తను చేసుకుంటుంది. ఏ రోజు రాసింది ఆ రోజే చేపల పడవలో మీకు పంపించేస్తాను. కాగితం కళ్ళముందు లేకపోతే చింపేదేముంది?"

కనకరత్నం తల వంచుకుని నవ్వింది. "మరి రాసిందేమిటో గుర్తుండొద్దూ?"

"గుర్తున్నంత మటుకు చాలు," అంది సలోమి. "అన్నయ్యగారూ, మీరు చదువుకుంటే చదువుకోండి. బాగుందనిగానీ బాగులేదనిగానీ ఒక్క ముక్క రాసి పంపకూడదు. తను అడిగినా కాగితాలు వెనక్కి పంపకూడదు."

సూర్యనారాయణ ఒప్పుకున్నాడు. అదేమంత కష్టమైన పని అనిపించలేదాయనకి. రోజూ ఎన్నో మూటలు ఆయన చేతుల మీదుగా వెళుతుంటాయి. ఏ మూటలో ఏముందో బరువుని బట్టీ వాసనని బట్టీ ఊహించుకోవడం ఆయనకొక సరదా. విప్పి చూడాలని ఎప్పుడూ అనుకోలేదు.

కొల్లేటి చేపలు తెల్లవారేసరికి కాలువ మీద ఏలూరు రేవుకి చేరేవి. అక్కణ్ణుంచి గంపలు స్టేషనుకి వచ్చేవి. గంపలతోపాటు పడవ సరంగు ముసలయ్య వచ్చి మొదటి కట్ట అందించాడు. కాగితాలు మైనపుగుడ్డలో చుట్టి, తామరనారతో కట్టి ఉన్నాయి.

"అమ్మగారు పంపారండి. జాగ్రత్తగా ఇమ్మన్నారండి."

మైనపుగుడ్డ చుట్టినా కొర్రమీను వాసన కాగితాలకి పట్టేసింది. రైలెళ్ళిపోయి పార్సెల్ ఆఫీసు సద్దుమణిగాక సూర్యనారాయణ ఆ కట్ట విప్పాడు. ఒక పేజీ చూసి పెట్టేద్దామనుకున్నాడు. కొల్లేటిలో వరదొచ్చిన రాత్రి. పడవలున్న ఆసామీ పేరయ్య ఇంటికి రాలేదు. నీళ్ళు తీశాక లంక ఒడ్డున ఒక శవం దొరికింది. మొహం చేపలు తినేశాయి. మొలకున్న వెండి మొలతాడు చూసి కూతురు చిట్టెమ్మ, "మా నాన్నే" అంది. అక్కడికి కట్ట అయిపోయింది.

ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"ఏంటండీ గుమాస్తాగారూ, తిప్పి తిప్పి చూస్తన్నారు?" అన్నాడు మౌలాలి. గంపల మూతులకు గోనెపట్టా కుట్టడం అతని పని. దబ్బనం చేతిలోనే ఉంది.

"మా ఇంటావిడ రాసిన కథ."

"ఏం కథండీ?"

సూర్యనారాయణ చెప్పబోయి, చెప్పడం చేతకాక, చదివి వినిపించాడు. శవం దగ్గరకొచ్చేసరికి మౌలాలి కుట్టడం ఆపేశాడు. అయిపోయాక, "ఆ పిల్లకింక ఎవరున్నారండీ?" అని అడిగాడు.

"నాకేం తెలుసు? రేపు పడవ రావాలి."

ఆ మర్నాటి నుంచి పడవ కోసం ఎదురుచూసేవాళ్ళు ఇద్దరయ్యారు. కట్ట ఒక రోజు పల్చగా ఉండేది, ఒక రోజు మందంగా ఉండేది. కనకరత్నం గుండ్రటి దస్తూరి ఆయనకి బాగా తెలుసు. కానీ ఈ కాగితాల్లో అక్షరాలు కుడివైపుకి వాలి పరుగెడుతున్నాయి. కొన్నిచోట్ల వాక్యం సగంలో వదిలేసి, "ఇక్కడ వాన గురించి ఏదో రాయాలి" అని రాసి ముందుకి పోయింది. ఒకచోట "ఈ ముసలిది ఏమంటుందో రేపు చూద్దాం" అని ఉంది. అది చదివినప్పుడు సూర్యనారాయణకి ఒక విషయం తట్టింది. ఆ ముసలిది ఏమంటుందో రాస్తున్న మనిషికి కూడా తెలియదు. కొల్లేట్లో ఆవిడా, ఏలూర్లో తనూ, ఇద్దరూ ఒకే సంగతి కోసం ఎదురుచూస్తున్నారు. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ గురించి తనకి తెలియనిది ఇంకా ఇంత ఉందా అనుకుంటూ ఆ పూట పూటకూళ్ళమ్మ వడ్డించిన కూరేమిటో గమనించకుండా తినేశాడు.

ఒకరోజు ముసలయ్య కట్టతోపాటు ఒక కబురు కూడా తెచ్చాడు.

"అమ్మగారు మొదటి కట్టలు ఇమ్మన్నారండి. ఓసారి చూసుకుని పంపేత్తానన్నారండి."

"ఎందుకట?"

"అది సెప్పలేదండి."

సూర్యనారాయణ బల్ల సొరుగు తెరిచి కాగితాల కట్టలు చూశాడు. ఒక్కసారి చూసుకోవడమంటే ఏమిటో ఆయనకి తెలుసు. చూసుకుంటుంది, ఒక మాట కొడుతుంది, ఆ మాటతో వాక్యం పోతుంది, వాక్యంతో పేజీ పోతుంది. చిట్టెమ్మ కథ వరద రాత్రి దగ్గరే ఆగిపోతుంది. కానీ ఆవిడ అడిగింది. నోరు తెరిచి ఏదైనా అడగడం ఆవిడకి అలవాటు లేదు. ఇవ్వనంటే బాధపడుతుంది. ఏమీ పాలుపోక ముసలయ్యని కూర్చోమని, వెంకట్రాజు అచ్చాఫీసుకి వెళ్ళి తెల్లకాగితాల దస్తాలు తీసుకొచ్చాడు. వాటిని అదే మైనపుగుడ్డలో చుట్టి, ఒక్క అక్షరం రాయకుండా పంపించాడు.

మర్నాడు పడవలో చేపలు వచ్చాయి. కాగితాలు రాలేదు.

"ఏమన్నారు?" అని అడిగాడు ముసలయ్యని.

"ఏమీ అనలేదండి. కట్ట ఇప్పి సూసి, గదిలోకెళ్ళి తలుపేసుకున్నారండి."

ఆ పైరోజూ రాలేదు. మౌలాలి గోనెపట్టా కుడుతూ మధ్యమధ్యలో ఆయన వంక చూశాడుగానీ అడగలేదు. తను చేసింది తప్పేమోనని సూర్యనారాయణకి దిగులు పట్టుకుంది. సెలవు పెట్టి తనే కాగితాలు పట్టుకెళ్దామా అని స్టేషనుమాస్టరు గది గుమ్మందాకా వెళ్ళి, లోపలికి వెళ్ళకుండా తిరిగొచ్చాడు.

ఆ తర్వాత వచ్చింది కట్ట. అంతకుముందెప్పుడూ అంత లావుపాటి కట్ట రాలేదు. మౌలాలి దబ్బనం పక్కనపెట్టి మరీ కూర్చున్నాడు. సూర్యనారాయణ గొంతు సవరించుకుని చదివాడు. చిట్టెమ్మకి సంబంధం వచ్చింది. మగపెళ్ళివాళ్ళు పడవ దిగారు. అరుగు మీద తుంగచాప పరిచారు. పేరయ్య పొగాకు కాడ తుంచుకుని, "మా పిల్లకి కొల్లేరు తప్ప లోకం తెలీదండీ" అన్నాడు.

సూర్యనారాయణ ఆగాడు. మళ్ళీ చదివాడు. పేరయ్య అనే ఉంది.

"ఆయన సచ్చిపోయాడు కదండీ," అన్నాడు మౌలాలి మెల్లిగా.

"చచ్చిపోయాడు. దహనం కూడా అయింది."

"మరి అరుగు మీద కూర్సున్నాడే."

బయట ప్లాట్‌ఫారం మీద ఎవరో బండి లాక్కుపోతున్న చప్పుడు వినబడింది. సూర్యనారాయణ గబగబా మిగతా కాగితాలు చదివాడు. పేరయ్య మాట్లాడాడు, నవ్వాడు, వియ్యంకుడితో వక్క పంచుకున్నాడు. ఎలా తిరిగొచ్చాడో ఒక్క ముక్క లేదు.

"అంటే ఆ శవం ఈయనది కాదన్నమాట," అన్నాడు మౌలాలి. "మొకం లేదు కదండీ. మొలతాడు సూసి కదా పోల్చుకున్నారు. ఎవరో పాలేరుది అయ్యుంటాది. ఆడు దొంగిలించి కట్టుకున్నాడేమో."

"దొంగతనం కాదు. పేరయ్యకి అన్నగానీ తమ్ముడుగానీ ఉండుంటాడు. ఒకేలాంటి మొలతాళ్ళు తండ్రి చేయించి ఉంటాడు."

"మరి ఇన్నాళ్ళూ ఈయనెక్కడున్నాడండీ?"

సూర్యనారాయణ కాగితాలు మళ్ళీ మొదటినుంచీ తిరగేశాడు. కనకం అసాధ్యురాలు అనుకున్నాడు. ఆ మొహం చేపలు తినేయడం, ఆ మొలతాడు, అన్నీ దీనికోసమే ముందునుంచీ అమర్చి పెట్టిందన్నమాట. రేపటి కట్టలో గుట్టు విప్పుతుంది.

రేపటి కట్టలో పెళ్ళి నిశ్చయమైంది. గుట్టు విప్పలేదు. ఎల్లుండి కట్టలో పేరయ్య జాడే లేదు. ఆ పైన చిట్టెమ్మ పెళ్ళికొడుకు కొల్లేరు దాటి తణుకు వైపు వెళ్ళిపోయాడు. కథ ఇంకెక్కడికో పోతోంది. సూర్యనారాయణకి నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు. చివరికొకరోజు ఉండబట్టలేక, పాత పార్సెల్ చీటీ వెనక పెన్సిలుతో, "పేరయ్య చనిపోయాడు కదా, మళ్ళీ ఎలా వచ్చాడు?" అని రాసి, మడిచి ముసలయ్య చేతిలో పెట్టాడు.

ముసలయ్య వెళ్ళిపోయాక ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆ చీటీ ఆవిడ విప్పడం కళ్ళముందు కనబడింది. ఇది చదివితే కలం ఆపుతుంది. తను ఊహించిపెట్టుకున్న గుట్టు మొగుడికి ముందే తెలిసిపోయిందేమోనని అనుకుంటుంది. మొదటినుంచీ మళ్ళీ చూసుకోవాలంటుంది. పడవెక్కి వచ్చేస్తుంది.

ఆయన కోటు కూడా తొడుక్కోకుండా రేవుకి పరుగెత్తాడు. ముసలయ్య ఖాళీ గంపలు పడవలో సర్దుకుంటున్నాడు.

"ఆ చీటీ ఇలా ఇచ్చెయ్యి."

"ఎందుకండీ బాబుగారూ, మీరు రావాలా? కబురెడితే నేనే తెద్దును గదండీ," అంటూ తలగుడ్డలోంచి తీసిచ్చాడు. సూర్యనారాయణ దాన్ని చింపి కాలవలో పారేశాడు.

మార్గశిరం రాకముందే చివరి కట్ట వచ్చింది. అడుగున "సమాప్తం" అని పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద గీత గీసి, గీత కింద ఇంకో గీత గీసింది. చిట్టెమ్మ కథ ఒక ఒడ్డుకి చేరింది. పేరయ్య గుట్టు మాత్రం విప్పలేదు. మౌలాలి దబ్బనం గోనెపట్టాకి గుచ్చి, "మీరెళ్ళి అడగాలండీ," అన్నాడు. సూర్యనారాయణ సెలవు చీటీ రాసిచ్చి, కట్టలన్నీ మౌలాలికి అప్పగించి, మధ్యాహ్నం పడవెక్కాడు.

కాలవ దాటి కొల్లేట్లోకి వచ్చేసరికి ఎండ పల్చబడింది. ఎక్కడ చూసినా నీళ్ళు, నీళ్ళ మీద తుంగ, తుంగ మధ్య గూడకొంగలు గుంపులుగా కూర్చుని ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఇక్కడి చేపల గంపలకి చీటీలు రాస్తున్నాడుగానీ ఆయన ఎప్పుడూ ఇటు రాలేదు. వరద రాత్రి ఇక్కడ ఎలా ఉంటుందో ఆవిడ రాసినప్పుడు నమ్మాడు. ఇప్పుడు చూస్తుంటే ఆ లంకలూ ఆ దోనెలూ ముందే తెలిసినట్టున్నాయి. ఏ అరుగు చూసినా, దాని మీద ఎవరైనా పొగాకు తుంచుకుంటున్నారేమోనని వెతుక్కున్నాడు.

కనకరత్నం బడి వరండాలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. కాస్త చిక్కింది. బొటనవేలికి సిరా మరక. ఆయన్ని చూసి గబుక్కున లేచింది.

"ఏవండీ, మీరొచ్చారేమిటి? ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను. ఆ శవం ఎవరిది?"

"ఏ శవం?"

"మొదటి కట్టలో దొరికిన శవం. పేరయ్యది కాదుగా?"

"పేరయ్యదే," అంది ఆవిడ, అయోమయంగా. "వరదలో పోయాడు కదా."

"మరి పెళ్ళిమాటలకి అరుగు మీద కూర్చున్నదెవరు?"

కనకరత్నం ఆయన మొహంలోకి చూసింది. చేట కింద పెట్టింది. "చిట్టెమ్మ మేనమామ వీరయ్య," అంది నెమ్మదిగా. "వీరయ్యేనా? నేనేం రాశాను?"

"పేరయ్య అని రాశావు. ఒకసారి కాదు. కట్టంతా అదే."

ఆవిడ మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. "ఆ మామ పేరేమిటో ఎంతకీ గుర్తుకు రాలేదు. అందుకే మొదటి కట్టలు పంపమన్నాను. మీరేమో తెల్లకాగితాలు పంపారు. ఎంత కోపమొచ్చిందో. రెండు రోజులు కలం ముట్టలేదు. ఆ తర్వాత, పోనీ ఏదో ఒక పేరు, తర్వాత చూసుకుందాం అని నోటికొచ్చింది రాసేశాను."

సూర్యనారాయణ వరండా అంచున కూలబడ్డాడు. అయితే ఆ పేరయ్యని బతికించింది తనేనన్నమాట. ఆవిడ నేర్పు అనుకున్నది పొరపాటు, ఆ పొరపాటుకి కారణం తను. లోపల బడిపుస్తకాలు సర్దుతున్న సలోమికి అంతా వినబడుతూనే ఉంది. బయటికి రాలేదు.

"ఆ కాగితాలు ఏవి? తెచ్చారా?" అంది కనకరత్నం.

"మౌలాలి దగ్గర ఉన్నాయి."

"అయ్యో, ఇతరులు కూడా చదివారా? రేపే వెళ్ళిపోదాం. మొత్తం మళ్ళీ రాయాలి. ఇదంతా ఎవరైనా చూస్తే నవ్విపోతారు."

ఆవిడ గొంతులో ఆ పాత తొందర వినబడింది. ఆయనకి భయం వేసింది.

మర్నాడు చేపల వేటకి సెలవు కావడంతో పొద్దున్నే ముసలయ్య పడవలో బయలుదేరారు. సలోమి రేవుదాకా వచ్చి, స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, "ఈసారి బెల్లు కొట్టకముందే పూర్తి చేశావు కనకం. అది మర్చిపోకు," అంది. కనకరత్నం తలాడించింది. పడవ లంక దాటాక చాలాసేపు నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది.

మాట కలపాలి కాబట్టి సూర్యనారాయణ పార్సెల్ ఆఫీసు సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ శవం పాలేరుదని మౌలాలి అన్నాడనీ, పేరయ్య అన్నదో తమ్ముడిదో అని తను అన్నాననీ, ఇద్దరూ దాని మీద ఎన్ని పూటలు వాదించుకున్నారో చెప్పాడు. కట్టలో పేరయ్య కనబడకపోతే మౌలాలి ఎంత నిరాశపడేవాడో చెప్పాడు. ఆవిడ మొదట వినీ విననట్టు ఉంది. తర్వాత మెల్లిగా ఆయన వైపు తిరిగింది.

"ఆయన అరుగు మీద కూర్చున్నప్పుడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఏమీ అనలేదా?"

"నువ్వే రాశావుగా. ఏమీ అనలేదు. వక్క పంచుకున్నారు."

"చచ్చిపోయినవాడు వచ్చి కూర్చుంటే ఎవరూ ఆశ్చర్యపోలేదా?"

"పోలేదు."

కనకరత్నం పడవ అంచు పట్టుకుని వంగింది. "అంటే వాళ్ళకి తెలుసు," అంది. "పేరయ్య బతికే ఉన్నాడని లంకలో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్క చిట్టెమ్మకే. ఆ పెళ్ళిమాటలప్పుడు చిట్టెమ్మ ఎక్కడుంది?"

సూర్యనారాయణ జ్ఞాపకం తెచ్చుకున్నాడు. "లోపల. తలుపు చాటున కూడా లేదు. పెరట్లో నీళ్ళు తోడుతోంది అని రాశావు."

"అవును. తోడుతోంది. గొంతు విని ఉంటుందా?" ఆవిడ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది. "తన కర్మకాండ అయిపోయిన ఇంటికి తిరిగొచ్చి, ఆ అరుగు మీద ఎలా కూర్చుంటాడండీ మనిషి? ఏం మొహం పెట్టుకుని? వరద రాత్రి ఎవరిదో శవం కనబడి ఉంటుంది. తన మొలతాడు తీసి దానికి కట్టి ఉంటాడు. ఎందుకు కట్టాడు?"

"ఎందుకు?"

"అదే తెలీడం లేదు. మీ దగ్గర పెన్సిలు ఉందా?"

ఆయన చొక్కా జేబులోంచి తీసిచ్చాడు. కాగితం లేదు. ముసలయ్య గంపల లెక్కకి పెట్టుకున్న చీటీలు ఇచ్చాడు. ఏలూరు రేవు వచ్చేదాకా ఆవిడ వాటి మీద రాస్తూనే ఉంది. గూడకొంగలు లేచి నెత్తిమీదుగా వెళితే కూడా తల ఎత్తలేదు.

రెండోసారి రాయడానికి మొదటిదానికంటే చాలా ఎక్కువ కాలం పట్టింది. ఈసారి కట్టలన్నీ ఎదురుగానే పెట్టుకుంది. కొన్ని పేజీలు తీసేసింది, చాలా పేజీలు కొట్టి తిరగరాసింది. వీరయ్య పూర్తిగా కథలోంచి వెళ్ళిపోయాడు. మాఘం దాటిపోయింది. వెంకట్రాజు కబురుమీద కబురు పెట్టి చివరికి తనే వచ్చి, వరండాలో కూర్చుని సగం చదివి, ఇంక గొడవ చెయ్యకుండా వెళ్ళిపోయాడు. వానాకాలానికి పుస్తకం అచ్చయి వచ్చింది. ఆ మొలతాడు సంగతి మొదటే ఎలా తోచిందని వెంకట్రాజు అడిగితే, "మొదట తోచలేదండి, పేరు తప్పు రాశాను," అని ఆవిడ ఉన్నమాటే చెప్పింది. ఆయన అది వినయం అనుకున్నాడు.

మౌలాలికి ఒక పుస్తకం ఇచ్చారు. సూర్యనారాయణ రోజూ మధ్యాహ్నం చదివి వినిపించాడు. పూర్తయిన రోజు సాయంత్రం మౌలాలి వాళ్ళ ఇంటికి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"బాగుందండీ అమ్మగారూ. పేరయ్య ఎందుకలా చేశాడో ఇప్పుడు తెలిసింది. కానీండి, ఆ శవం ఎవరిదో మీరు చెప్పలేదు. ఎక్కడో ఆ మనిషికీ ఇల్లుంటాది కదండీ. ఎదురుచూసేవాళ్ళుంటారు."

కనకరత్నం గుమ్మానికి ఆనుకుని ఆలోచించింది.

"నాకూ తెలీదు మౌలాలీ," అంది. "ఎవరై ఉంటారంటావు?"

మౌలాలి చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. సూర్యనారాయణ లోపల్నుంచి పీట తెచ్చుకుని వాళ్ళ దగ్గరగా వేసుకున్నాడు.